తట్టితే పలికే డ్రై సోల్డర్‌కు

డ్రై సోల్డర్‌కు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఉత్తరానికి మర్యాద. మన మధ్య ఆ మాట చెల్లదు. నువ్వు కుశలంగా ఉన్నన్నాళ్లూ నాకు కుశలం లేదు. నాకు కాస్త కంటిమీద కునుకు పడిన రాత్రే నువ్వు ఏదో ఒక బోర్డులో నిద్ర లేస్తావు. ముప్పై ఏళ్లుగా ఒకే బల్లకు అటు నువ్వు, ఇటు నేను. భీమవరంలో నా రిపేరు కొట్టు షట్టర్ సగం దించి, ఫ్యాను కింద కూర్చుని ఇది రాస్తున్నాను. చాటుగా కాదు, నలుగురూ చదివేలానే రాస్తున్నాను. నీవల్ల నష్టపోయినవాళ్లలో సగం మందికి నీ పేరు కూడా తెలియదు మరి.

ముందు వాళ్లకు నీ ఆనవాళ్లు చెప్పాలి. టీవీ గానీ, ఇన్వర్టర్ గానీ, వాషింగ్ మెషీన్ గానీ విప్పితే లోపల ఒక బోర్డు ఉంటుంది. దాన్ని తిరగేస్తే వెనకవైపు వరసగా వెండి బొట్లు. పైనున్న ఒక్కొక్క పార్టు కాలినీ రాగి ట్రాక్‌కు పట్టి ఉంచేవి అవే. కంసాలి బల్ల మీద దాన్ని టంకం అంటారు. చిల్లు బిందెలకు అతుకేసేవాళ్లు మాటు అంటారు. మేము సోల్డరింగ్ అంటాం, ఆ తీగను ఎందుకో 'లెడ్' అనే అంటాం, అందులో సీసం ఉన్నా లేకపోయినా. ఒక్కొక్క బొట్టు ఆవగింజంత. ఒక మామూలు బోర్డులో అలాంటివి రెండు మూడు వందలుంటాయి. అన్నిటిలాగే మెరుస్తూ, అన్నిటిలాగే కాలిని కౌగిలించుకున్నట్టు కనిపిస్తూ, నిజానికి పట్టుకోనిది ఒకటుంటుంది చూడు, అది నువ్వు. పైన పటారం, లోన లొటారం.

నీ పేరు చెబితే జనానికి అర్థమయ్యేది వేరు. ఒకాయన ఇన్వర్టర్ బోర్డు చేతిలో పట్టుకుని, "డ్రై అయిందంటే ఎండిపోయిందాండి? పోనీ ఓ చుక్క నూనె వేసి చూస్తే?" అన్నాడు. నవ్వలేదు నేను, ఎందుకంటే ఇంకొకాయన నిజంగానే కొబ్బరి నూనె వేసి తెచ్చాడు. నువ్వు ఎండిపోవడం వల్ల పుట్టవు. అసలు తడవకపోవడం వల్ల పుడతావు. కరిగిన తగరం రాగిని తడపాలి. తడిపితే అది కాలి చుట్టూ తాటిచెట్టు మొదలు నేలలోకి విచ్చుకున్నట్టు వాలుగా దిగుతుంది. తడపకపోతే తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా కూర్చుంటుంది. అతుకంటే జిగురు కాదు. కరిగిన తగరం రాగిని పైపైన కొంచెం తనలోకి లాక్కుంటుంది. రెండిటి మధ్య ఒకటి రెండు మైక్రాన్ల మందాన కొత్త పొర ఒకటి పుడుతుంది. అది రాగీ కాదు, తగరమూ కాదు, రెండిటి బిడ్డ. ఆ పొరే అసలు అతుకు. నీలో అది లేదు. ఫొటోలో పక్కపక్కన నిలబడ్డారు గానీ పెళ్లి కాలేదు.

ఈ సంగతి నాకు సోల్డరింగ్ ఐరన్ పట్టకముందే తెలుసు, తెలిసినట్టు తెలియదంతే. చిన్నప్పుడు మా వీధికి కళాయి వేసేవాడు వచ్చేవాడు. వేపచెట్టు కింద చిన్న గొయ్యి, బొగ్గులు, తోలుతిత్తి. ఇత్తడి గిన్నెను ముందు చింతపండూ ఇసుకా వేసి తోమించి, నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చిటికెడు చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది, ముక్కు పుటాలు మండేవి. వెంటనే తగరం ముక్క ఒక్క గీత గీసి, దూది ముద్దతో గిన్నెంతా తిప్పేవాడు. పసుపుపచ్చగా ఉన్నది చూస్తుండగా వెండి అయిపోయేది. మా మామ్మ పక్కనే నిలబడి "నవాసాగరం దగ్గర పిసినారితనం చెయ్యకయ్యా" అని పోరేది. ఆవిడకు రసాయనశాస్త్రం రాదు. నవాసాగరం తక్కువేసిన గిన్నెలో తగరం పూసలు పూసలుగా దొర్లిపోవడం మాత్రం చూసింది. లోహం మీద గాలికి పట్టిన పొరను తినేసే మందు అది. మా పనిలో ఆ మందు పేరు ఫ్లక్స్, పైన్ జాతి చెట్ల జిగురు నుంచి తీసిన రోజిన్. నవాసాగరం బోర్డుకు పనికిరాదు, మిగిలిపోయిన ఉప్పు ట్రాక్‌లను తినేస్తుంది. కానీ సూత్రం అదే. మందు కాలిపోయాక, లేదా అసలు వెయ్యకుండా, మొండిగా తగరం పోసినచోట నువ్వు పుడతావు.

మనం మొదటిసారి ఎదురుపడింది 1990ల్లో, డబ్బా టీవీల కాలంలో. నేను గురువుగారి దగ్గర పనికి చేరిన కొత్త. ఊరంతా నిన్ను ఎరుగుదురు, నీ పేరుతో కాదు, నీకు చేసే వైద్యంతో. టీవీ నెత్తిన ఒక్కటి కొట్టాలి. శుక్రవారం చిత్రలహరి మధ్యలో బొమ్మ కుంచించుకుపోయి తెర నడుమ ఒకే ఒక్క తెల్లటి అడ్డగీత మిగిలేది. ఇంటి పెద్ద లేచి అరచేత్తో పక్కన తట్టేవాడు, గీత విచ్చుకుని మళ్లీ చిరంజీవి అయ్యేది. ప్రతి ఇంట్లో తట్టడానికి ఒక నిపుణుడు ఉండేవాడు, ఏ మూల ఎంత బలంగా కొట్టాలో అతనికే తెలుసు. ఆ నిపుణుడు ఊరెళ్తే ఇక టీవీ లేదు. ఆ గీతకు కారణం చాలాసార్లు నువ్వే. బొమ్మను పైకీ కిందికీ సాగదీసే వర్టికల్ ఐసీ బాగా వేడెక్కుతుంది, దాని కాళ్ల దగ్గర మకాం వేసేవాడివి. లేదా ఎల్ఓటీ కింద. ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువుకూ వేడికీ అక్కడ నీకు మంచి కాపురం.

గురువుగారు ఏ టీవీ విప్పినా ముందు మీటర్ తీసేవారు కాదు, భూతద్దం తీసేవారు. వాచీ రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల లూపు. టేబుల్ లైటును బోర్డు మీదికి నిలువుగా కాక ఏటవాలుగా వంచి, "ఇదిగో రా, వీడి ముంగిలి" అని చూపించేవారు. కాలి చుట్టూ వెంట్రుక మందాన నల్లటి వలయం. పాత బోర్డులు గోధుమరంగు కాగితం అట్టవి, రాగి ఒకవైపే ఉండేది, రంధ్రం లోపల పూత ఉండేది కాదు. అంటే కాలిని పట్టుకునేది కింద ఒక్క చుట్టు టంకమే. టీవీ వేస్తే వేడి, ఆపితే చల్లన. బోర్డు మందం రాగి కంటే చాలా ఎక్కువ ఉబ్బుతుంది, ఇప్పటి పచ్చ బోర్డుల్లో కూడా మూడు రెట్లకు పైనే. కాలు ఒకలా, బోర్డు ఒకలా సాగుతూ, ముడుచుకుంటూ, రోజుకు రెండుసార్లు చొప్పున ఏళ్లకొద్దీ లాగి లాగి ఆ చుట్టును తెంపుతాయి. ఇది నీ రెండో పుట్టుక. పుట్టుకతోనే నువ్వైనవి కొన్ని, మంచివాడిగా పుట్టి అలసిపోయి నువ్వైపోయినవి కొన్ని. రెండో రకం మీద నాకు కొంచెం జాలి ఉంది, మొదటి రకం మీద లేదు.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. ఒక పార్టు కాలిపోతే నాకు బాధ లేదు. నల్లబడుతుంది, వాసనొస్తుంది, తీసి పారేస్తాం. ట్రాక్ తెగితే తెగినట్టు తెలుస్తుంది. నువ్వలా కాదు. నన్ను చూడగానే బాగైపోతావు.

రెండేళ్ల కిందట ఒక రొయ్యల రైతు ఏరేటర్ల ప్యానెల్‌లోని కంట్రోల్ బోర్డు తెచ్చాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు మూడు ఫేజులూ చూసుకుని ఏరేటర్లను దానంతటదే వేసే బోర్డు అది. చెరువుల సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట: పగలు నీటిలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పోటీపడి పీల్చేస్తుంది. తెల్లవారుజామున నీటిలో ఊపిరి అడుగంటుతుంది. ఆ టైములో నీటిలోకి గాలి కలిపే ఏరేటర్ తిరగకపోతే రొయ్యలు గట్టు వారకు తేలిపోతాయి, గంటల్లో పంట పోతుంది. ఈ బోర్డు సరిగ్గా ఆ టైముకే అప్పుడప్పుడు మొరాయిస్తోంది.

బల్ల మీద పెట్టి, లోడు బదులు బల్బు తగిలించి, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నడిపాను. ఆపాను, వేశాను, ఒక ఫేజు తీశాను, పెట్టాను. ఒక్క తప్పు చెయ్యలేదు. పంపించేశాను. నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. రిలే మార్చాను. మూడు వారాలు బాగుంది. ఒక రాత్రి మూడింటికి ఫోను.

"ఏవండీ, మీ కొట్లో బానే తిరుగుద్ది, మా చెరువుకాడికొస్తే మొరాయిస్తదేంటండి?"

"వైరింగ్ చూపించారాండి?"

"ఇద్దరు ఎలక్ట్రీషియన్లు చూశారండి. మీ బోర్డేనండి, ఆయ్."

అదృష్టం, ఆ రాత్రి కాపలా కుర్రాడు మెలకువగా ఉండి చేత్తో స్టార్టర్ నొక్కాడు. పొద్దున్నే నేనే చెరువు దగ్గరికి వెళ్లాను. ప్యానెల్ తలుపు తీసి, వెదురు పుల్ల తీసుకుని, బోర్డు మీద ఒక్కొక్క పార్టునూ మెల్లగా తట్టుకుంటూ పోయాను. రిలే దగ్గర ఏమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏమీ లేదు. వైర్లు బిగించే టెర్మినల్ బ్లాకు అంచును తాకానో లేదో ఏరేటర్లకు కరెంటు కలిపే కాంటాక్టర్ టకటకమని పళ్లు కొరికింది. పుల్ల తీశాను, ఆగింది. మళ్లీ తాకాను, మళ్లీ టకటక. దొరికావు.

నా కొట్లో ఎందుకు బాగున్నావో అప్పుడు వెలిగింది. బల్ల మీద బోర్డు వెల్లకిలా పడుకుని ఉంది, దానికి నేను తగిలించినవి సన్నటి వైర్లు. చెరువు దగ్గర అది నిలువుగా వేలాడుతోంది, లావాటి వైర్లు ఆ బ్లాకును కిందికి లాగుతున్నాయి. కాలు కాస్త పక్కకు ఒరుగుతుంది, నీ నోరు తెరుచుకుంటుంది. తెల్లవారుజాము చల్లదనానికి ఇంకొంచెం. జబ్బు బోర్డులో ఉంది, ఆ జబ్బు బయటపడేది మాత్రం వాళ్లింట్లోనే. నేను వాళ్లింటిని చూడకుండా రెండుసార్లు సర్టిఫికెట్ ఇచ్చాను.

మీటర్ ఏం చేసింది అనడుగుతారు. మీటర్ నీ చుట్టం. కంటిన్యుటీలో పెట్టి ముల్లు ఆనిస్తే కుయ్‌మంటుంది. చాలా మీటర్లు ముప్పై నలభై ఓమ్‌లున్నా కుయ్‌మంటాయి, వాటి లెక్కలో అది కలిసి ఉన్నట్టే. పైగా ముల్లును నొక్కుతాం కదా, ఆ నొక్కుడుకే పగులు మూసుకుంటుంది. పట్టుకోవడానికి పోయిన చేతితోనే నిన్ను దాచిపెడుతున్నాం. ఇన్వర్టర్ బోర్డుల్లో అయితే ఇంకా ఘోరం. అయిదు ఆంపియర్లు పారే చోట నువ్వు 0.2 ఓమ్ అడ్డం పెట్టావనుకో, ఆవగింజంత చోట అయిదు వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి బోర్డు గోధుమరంగు నుంచి నలుపుకు తిరుగుతుంది. మీటర్ మాత్రం కుయ్‌మంటూనే ఉంటుంది.

చెరువు గట్టు మీద లూపు పెట్టుకుని ఆ బొట్టును చూశాను. చూసి, చుట్టూ ఎవరైనా ఉన్నారా అని కూడా చూశాను. ఎందుకంటే ఆ సోల్డరింగ్ కంపెనీది కాదు. మెషీన్ వేసినవి చిన్నగా, ఒకే కొలతలో ఉంటాయి. ఇది లడ్డూలా ఉంది, అంచున మాడిన రోజిన్ గోధుమరంగు మరక, తుడవలేదు. చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. ఆ బ్లాకు అంతకు రెండేళ్ల ముందు నేనే మార్చాను. ఆ రోజు కూడా జ్ఞాపకం వచ్చింది. మే నెల సాయంత్రం, ఓల్టేజి 180కి పడిపోయింది, రైతు కుర్రాడు బండి ఆపకుండా కొట్టు ముందు రేజ్ చేస్తున్నాడు. నా చేతిలో ఉన్నది సన్న మొన, అంటే సన్నబిట్, ఉన్న 25 వాట్ల ఐరన్. ఓల్టేజి తగ్గితే వేడి అంతే పాళ్లలో తగ్గదు, వర్గం లెక్కన తగ్గుతుంది. 180 దగ్గర ఆ 25 వాట్లు పదిహేనే. ఆ కాలేమో వెడల్పాటి రాగి ట్రాక్ మీద ఉంది, పెట్టిన వేడినంతా ట్రాక్ లాగేసుకుంటుంది. కాలు కాగింది, ట్రాక్ కాగలేదు. లెడ్ కరిగి కాలికి పట్టుకుంది, ట్రాక్ మీద ఊరికే కూర్చుంది. కనిపించడానికి నిండుగా ఉండాలని ఇంకొంచెం పోశాను. ఊది చల్లార్చాను కూడా.

రైతుతో ఏం చెప్పానంటావా? "కనెక్టర్ లూజండి" అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు. డబ్బు మాత్రం తీసుకోలేదు. ఆయన బలవంతంగా ఒక కవరు చేతిలో పెట్టాడు, ఇంటికొచ్చి చూస్తే కిలో రొయ్యలు.

కాబట్టి నిన్ను తిడుతూ మొదలుపెట్టిన ఉత్తరంలో ఈ ముక్క దాచడం బాగోదు. నీ వంశవృక్షంలో నా పేరు చాలా కొమ్మల మీద ఉంది. గురువుగారు మొదటి నెలలోనే చెప్పారు: "బిట్ మీద లెడ్ మొయ్యకు రా, అది గరిటె కాదు." బిట్‌కు లెడ్ అంటించుకుని తెచ్చి కాలి మీద పులిమితే, దారిలోనే ఫ్లక్స్ కాలిపోతుంది. అక్కడికి చేరేది మందులేని మొండి టంకం. ఆ మాట నాకు వంద మందికి చెప్పే అర్హత వచ్చాక కూడా, తొందరున్న రోజున గరిటెతోనే వడ్డించాను.

ఇంకో లెక్క కూడా తేలాలి మనిద్దరి మధ్య. ఆ రిలే మారిస్తే మూడు వారాలు బాగుంది అన్నాను కదా. రిలేకు జబ్బు లేదు. దాన్ని మార్చేటప్పుడు బోర్డు వంగింది, కదిలింది, పక్కనున్న నువ్వు కాసేపు సర్దుకున్నావు. అంతే. ఇది తెలిశాక నా పాత బిల్లు పుస్తకాలు తలుచుకుంటే వెన్ను జలదరిస్తుంది. "వర్టికల్ ఐసీ మార్చబడినది", "రెగ్యులేటర్ మార్చబడినది". వాటిలో నిజంగా చచ్చిపోయిన ఐసీలు ఎన్ని? పార్టు మారిస్తే కాళ్లన్నీ కొత్తగా సోల్డర్ అవుతాయి, దాంతో నువ్వు పోతావు, పేరు పార్టుకు వస్తుంది, బిల్లు కస్టమర్‌కు వెళ్తుంది. బతికున్న ఐసీలను ఎన్నిటిని డబ్బాలో పారేశానో! తర్వాత్తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. అనుమానమున్న పార్టు తియ్యకముందు దాని కాళ్లను ఒకసారి రీసోల్డర్ చేసి నడిపి చూస్తాను. దీనివల్ల నా వ్యాపారం పెద్దగా పెరగలేదు.

నీ పని చెరువుగట్టుతో ఆగితే ఈ ఉత్తరం ఇక్కడితో ముగించేవాణ్ణి. 2014 డిసెంబర్ 28 తెల్లవారుజామున ఇండోనేషియాలోని సురబయ నుంచి సింగపూర్ బయల్దేరిన క్యూజెడ్ 8501 విమానం జావా సముద్రంలో పడింది. ఎయిర్‌బస్ ఏ320. అందులో 162 మంది. ఏడాది తర్వాత ఆ దేశపు రవాణా భద్రతా కమిటీ నివేదిక ఇచ్చింది. తోకలోని చుక్కానిని ఎంతవరకు తిప్పవచ్చో హద్దు పెట్టే ఒక ఎలక్ట్రానిక్ యూనిట్‌లో, బోర్డు మీది సోల్డర్ అతుకు పగిలి ఉంది. వేడి పెరిగీ తగ్గీ, తగ్గీ పెరిగీ వచ్చిన పగులు. కనెక్షన్ ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. నీ చేతిరాతే. ఆ ప్రయాణంలో అదే హెచ్చరిక నాలుగుసార్లు మోగింది. నాలుగోసారి, గాలిలో ఉండగా ఫ్లైట్ కంప్యూటర్ల సర్క్యూట్ బ్రేకర్లు లాగి మళ్లీ వేశారు. ఆటోపైలట్ పోయింది, విమానం పక్కకు ఒరిగింది, ఆ తర్వాత దాన్ని నిలబెట్టలేకపోయారు. తప్పంతా నీదే అనను. నివేదిక కూడా అలా అనలేదు, మనుషులు చేసినవీ, నేర్పనివీ చాలా ఉన్నాయందులో. నాకు గొంతులో అడ్డం పడ్డది ఒక్క అంకె. ఆ ఏడాదిలో అదే యూనిట్ మీద 23 సార్లు ఫిర్యాదు రాసుకున్నారు. ఇరవై మూడు సార్లు నేల మీద ఎవరో ఒకరు రీసెట్ చేస్తే, పరీక్ష పెడితే, బాగానే ఉన్నట్టు కనిపించి ఉంటావు. నా బల్ల మీద సాయంత్రం దాకా బల్బు వెలిగించినట్టే. ఆ నివేదిక గురించి చదివిన రోజు, నేను "పనిచేస్తోంది" అని రాసి పంపిన బోర్డులు ఎన్నో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మానేశాను.

కొత్త కాలంలో నువ్వు వేషాలు కూడా మార్చావు. 2006 జూలై 1 నుంచి యూరప్‌లో అమ్మే సామాను చాలావాటిలో సీసం కూడదన్నారు. ఆ వరస మన దాకా వచ్చింది. సీసమున్న 63-37 లెడ్ 183 డిగ్రీలకు కరిగేది, మెరిసేది. ఇప్పుడు బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది తొంభై ఆరున్నర పాళ్లు తగరం, మూడు పాళ్లు వెండి, అర పాలు రాగి కలిపిన మిశ్రమం. 217 దాటితే గానీ కదలదు. సీసం పోవడం మంచిదే, అది ఒంట్లో చేరితే తెలుసుగా. నా చిక్కల్లా గురువుగారు నేర్పిన మొదటి పాఠంతో: "మెరిస్తే మంచిది, మసకేస్తే డ్రై." సీసం లేని టంకం ఆరోగ్యంగా ఉన్నా కొంచెం మసకగానే, గరుగ్గానే ఉంటుంది. మంచివాడికి నీ పోలిక వచ్చేసింది. ఇప్పుడు మెరుపు చూడను, అంచు చూస్తాను. అది రాగి మీదికి పల్చగా పాకిందా, లేక గోడ కట్టినట్టు ఆగిపోయిందా అని.

మా మేనల్లుడు ఫోన్ల ఫ్యాక్టరీలో సోల్డర్ పేస్ట్ వేసే లైన్‌లో చేస్తాడు. సంక్రాంతికి వచ్చి చెప్పే కబుర్లు వింటే నీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎంతమందో తెలిసింది. అక్కడ ఐరన్ లేదు, గరిటె లేదు. ఇరవై నుంచి ముప్పై ఎనిమిది మైక్రాన్ల టంకం గుండ్లను ఫ్లక్స్‌లో కలిపిన ముద్దను, అట్లపిండిలా, చిల్లుల స్టీలు రేకు మీద నుంచి బోర్డుకు రాస్తారు. పార్టులు పెట్టి ఓవెన్‌లోకి పంపుతారు. "మావయ్యా, మా గొడవంతా ఫ్రిజ్ దగ్గరే" అంటాడు. పేస్ట్ డబ్బాను ఫ్రిజ్‌లో దాచాలి, వాడేముందు గంటలకొద్దీ బయట పెట్టి గది వేడికి రానివ్వాలి. తొందరపడి చల్లటి డబ్బా మూత తీస్తే గాలిలో చెమ్మ దాని మీద చేరుతుంది, ఓవెన్‌లో ఆ చెమ్మ చిటపటలాడి టంకాన్ని చిమ్ముతుంది. పోపులో తడి కరివేపాకు వేసినట్టు. ఒకవైపు టంకం ముందు కరిగితే బుల్లి రెసిస్టర్ ఆ వైపు లాగబడి నిట్టనిలువుగా లేచి నిలబడుతుంది, దాన్ని సమాధిరాయి అంటారట. ఇంకొకటి, చిప్ కింది గుండు పేస్ట్ మీద తల ఆనించి పడుకుంటుంది గానీ కలవదు. దాని పేరు హెడ్ ఇన్ పిల్లో. ఎక్స్‌రే తీస్తే గానీ కనపడదు, తీసినా ఒక్కోసారి కనపడదు. అది విని అచ్చం నీ పోలికే అనుకున్నాను.

"మీ దగ్గర కెమెరాలున్నాయి, ఎక్స్‌రేలున్నాయి, నాకేముంది రా?" అన్నాను. "నీ దగ్గర తట్టే పుల్ల ఉంది కదా మావయ్యా, మాకు తట్టే టైము లేదు" అన్నాడు.

నిజమే, ఇప్పుడు నీ కోసం నేను పెట్టుకున్న సరంజామా చెబితే నవ్వుతావు. వెదురు పుల్ల ఒకటి. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ ఒకటి, బోర్డును ఒక మూల నుంచి వేడిచేసుకుంటూ వస్తే నువ్వు ఎక్కడో ఒళ్లు విరుస్తావు. వేడికి లొంగకపోతే ఫ్రీజ్ స్ప్రే, ఒక్కొక్క కాలి మీద చిటికెడు మంచు. బోర్డును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టను, దాని ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే నిలబెడతాను, అవే లావు వైర్లు తగిలిస్తాను. దొరికాక మళ్లీ పైపైన వేడి ముట్టించి మెరిపించడం మానేశాను. కొంతమంది సెల్ మెకానిక్‌లు చిప్ మీద హాట్ గన్ పెట్టి రెండు నిమిషాలు ఊపి "అయిపోయింది" అంటారు, అది నెల రోజుల ముచ్చట. పాత టంకాన్ని పంపుతో పీల్చేసి, కాలు నల్లబడి ఉంటే బ్లేడుతో గీకి, ఫ్లక్స్ రాసి, కొత్త లెడ్ వేస్తాను. బిట్‌ను తడి స్పాంజికి తుడిచి కాలినీ ట్రాక్‌నూ ఒకేసారి ఆనించాలి. ఒకటి, రెండు. లెడ్‌ను బిట్‌కు కాదు, ఎదుటి వైపు నుంచి కాలికి తగిలించాలి. అప్పుడు ఒక క్షణం ఉంటుంది. అప్పటిదాకా గుండ్రంగా మొండికేసిన బొట్టు ఉన్నట్టుండి పలచబడి, కాలి చుట్టూ గబుక్కున తిరిగి, రంధ్రంలోకి దిగిపోతుంది. దాహంగా ఉన్న మట్టి నీళ్లు పీల్చినట్టు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా ఆ క్షణం నాకు విసుగు రాలేదు. లెడ్ ముందు తీసి, బిట్ తర్వాత తీసి, చేయి కదపకుండా ఊపిరి బిగబట్టి మూడు లెక్కపెడతాను. ఊదను. ఊదితే గురువుగారు మొట్టేవారు. ఆయన పోయి పదేళ్లయినా ఊదబోయిన ప్రతిసారీ నెత్తి తడుముకుంటాను.

సెలవు తీసుకోను, ఎలాగూ రేపు కలుస్తాం.

ఇట్లు,
నీ బాధితుడు, నీ తండ్రుల్లో ఒకడు,
భీమవరం

తా.క.: ఇది మడతపెడుతుండగా ఆకివీడు నుంచి ఫోను వచ్చింది. వాషింగ్ మెషీన్ మధ్యలో ఆగిపోతోందట. "కానీ పక్కన ఒక్కటి తడితే నడుస్తదండి" అన్నాడు. తట్టొద్దండి, చేత్తో ముట్టుకోకుండా అలాగే తెచ్చెయ్యండి అన్నాను. 25 వాట్ల ఐరన్ తీసి పక్కన పెట్టి, 60 వాట్లది ప్లగ్‌లో పెట్టాను. ఓల్టేజి చూశాను, 228 ఉంది.